బార్నకిల్ డింభకాల స్థిరనివాస ఎంపిక: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సముద్రపుటడుగున, తీరశిలలపైన కదలక జీవించే అకశేరుకాలలో అధికభాగం బాల్యదశను నీటిలో తేలియాడుతూ గడుపుతాయి. బార్నకిల్ ఇందుకు చక్కని ఉదాహరణ. పీతలు, రొయ్యల వలె క్రస్టేషియాకు చెందిన ఈ జీవి ఒకసారి శాశ్వతంగా అతుక్కున్న చోటును తనంతట తాను విడిచిపోలేదు. కాబట్టి డింభకం చేసే ఎంపికపైనే దాని ఆహారం, ఆయుష్షు, సంతానం ఆధారపడి ఉంటాయి. ఆ ఎంపిక జరిగే తీరును, నౌకాయానంతో దానికి గల సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు దశలు, రెండు విధులు

గుడ్డు నుంచి వెలువడిన నాప్లియస్ డింభకం సాధారణంగా ఆరు ఉపదశలు దాటుతుంది. చాలా జాతులలో అది వృక్షప్లవకాలను తిని కొవ్వును నిల్వచేసుకొంటుంది. ప్రవాహాలు దానిని దూరప్రాంతాలకు చేరుస్తాయి. తరువాతి దశ అయిన సిప్రిస్ డింభకం ఆహారం తీసుకోదు. నిల్వ ఉన్న శక్తితోనే నివాసాన్ని వెతుక్కోవాలి. అనువైన చోటు దొరకనప్పుడు స్థిరపడడాన్ని కొంతకాలం వాయిదా వేయగలదు గాని, ఆ వాయిదాకు నిల్వలే హద్దు.

3. ఉపరితల పరీక్ష

సిప్రిస్ తన మొదటి జత స్పర్శశృంగాలతో ఉపరితలంపై అడుగులు వేస్తున్నట్లు నడుస్తుంది. వాటి కొనల వద్ద వెలువడే జిగట స్రావం తాత్కాలికమైన పట్టునిస్తుంది. ఉపరితలపు గరుకుదనం, దానిపై చేరిన రసాయనాలు, బాక్టీరియా పొర, నీటి వేగం, వెలుతురు నిర్ణయాన్ని ప్రభావితం చేస్తాయి. చోటు అనుకూలించకపోతే డింభకం ఈదుకుంటూ వెళ్ళిపోతుంది. అనుకూలిస్తే సిమెంటు గ్రంథుల స్రావంతో శాశ్వతంగా అతుక్కుని రూపవిక్రియ చెందుతుంది.

4. సజాతి సాన్నిధ్యం

సజాతి జీవులున్న చోటనే సిప్రిస్‌లు అధికంగా స్థిరపడతాయని 1953లో నైట్-జోన్స్ ప్రయోగపూర్వకంగా చూపాడు. ప్రౌఢజీవుల సారం పూసిన ఉపరితలాలు కూడా ఇదే ప్రభావం చూపుతాయని 1962లో క్రిస్ప్, మెడోస్ నిరూపించారు. ఇందుకు కారణమైన గ్లైకోప్రోటీన్‌ను 1998లో మత్సుమురా బృందం ఒక బార్నకిల్ జాతిలో గుర్తించింది. సిప్రిస్ నడచిన చోట మిగిలే జిగట ముద్రలు సైతం ఇతర సిప్రిస్‌లను ఆకర్షిస్తాయి.

ఈ ప్రవర్తనలోని ప్రయోజనం రెండు విధాలు. ప్రౌఢజీవులు బతికి ఉండడమే ఆ చోటు నివాసయోగ్యమనడానికి నిదర్శనం. అంతేకాక, అధికభాగం బార్నకిల్‌లు ద్విలింగజీవులైనా సాధారణంగా పరఫలదీకరణపైనే ఆధారపడతాయి. కదలలేని జీవికి జతగాడు అందుబాటు దూరంలో ఉండక తప్పదు.

5. నౌకలు, విషపూతలు

నౌకల అడుగుభాగం కూడా డింభకానికి శిలవంటిదే. అక్కడ బార్నకిల్‌లు పేరుకుంటే నీటి నిరోధం, ఇంధన వ్యయం పెరుగుతాయి. విశాఖపట్నం నౌకాశ్రయంలోని ఇటువంటి జీవులపై గణపతి, లక్ష్మణరావు, నాగభూషణం 1958లోనే అధ్యయనం ప్రచురించారు. నివారణకు వాడిన ట్రైబ్యుటైల్ టిన్ పూతలు ఇతర జీవులకూ హాని చేశాయి. కొన్ని ఆడ సముద్రనత్తలలో పురుషావయవాలు ఏర్పడి సంతానోత్పత్తి కుంటుపడింది. ఇటువంటి పూతలను నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో ఆమోదం పొంది, 2008లో అమలులోకి వచ్చింది.

6. ముగింపు

విషపూత డింభకాన్ని చంపుతుంది. సిలికోన్ వంటి పూతలు దాని పట్టును మాత్రమే బలహీనపరుస్తాయి. అయితే సిప్రిస్ ఏ ఒక్క సంకేతంపైనో ఆధారపడదు. కనుక ఒక్క అణువును అడ్డగించడంతో సమస్య తీరుతుందని భావించరాదు. డింభకం ఏయే సంకేతాలను ఏ క్రమంలో పరీక్షిస్తుందో తెలుసుకొన్నకొద్దీ, సముద్రాన్ని విషపూరితం చేయకుండా నౌకలను కాపాడుకొనే మార్గం సుగమమవుతుంది.