స్కూల్, కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా? పిల్లల్ని చేర్పించే ముందు ఇవి అడగండి..

చీమకుర్తి అనగానే గెలాక్సీ గ్రానైట్ గుర్తొస్తుంది. క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కుటుంబాలకు మాత్రం పిల్లల చదువే అసలు పెట్టుబడి. టెన్త్ అయిపోగానే కొందరు ఒంగోలు బస్సెక్కుతారు. ఇంకొందరు గుంటూరు, విజయవాడ హాస్టళ్లకు వెళ్లిపోతారు. చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, ర్యాంకులెన్ని, మెస్ ఎలా ఉంది అని అడుగుతాం. మనసు బాగోకపోతే మా వాడు ఎవరితో మాట్లాడాలి అని మాత్రం చాలామంది అడగరు.

ఇప్పుడు గట్టిగా అడగొచ్చు. ఎందుకంటే సుప్రీంకోర్టు ఆదేశాలున్నాయి. అవి వచ్చింది కూడా మన రాష్ట్రం కేసులోనే. 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం ఆ కేసును సీబీఐకి అప్పగించింది. దాంతో పాటే దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి. ప్రభుత్వ, ప్రైవేటు స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు.. అన్నిటికీ వర్తిస్తాయి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న ఎన్‌సీఆర్‌బీ లెక్క ఆ తీర్పులోనే ఉంది.

ఇంతకీ ఏం చెప్పారు? 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. ఇక్కడే మెలిక. ఉన్న లెక్చరర్‌కే 'కౌన్సెలర్' అని బోర్డు తగిలిస్తే లెక్కలోకి రాదు. అయినా మార్కులేసే సార్ దగ్గరకెళ్లి "భయమేస్తోంది, నిద్ర పట్టట్లేదు" అని ఏ పిల్లాడు చెప్తాడు? కాబట్టి కౌన్సెలర్ ఏం చదివారో, ఏ రోజుల్లో వస్తారో, విడిగా గది ఉందో లేదో అడగండి. పిల్లాడు చెప్పింది ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి వెళ్తుందా అన్నది కూడా అడగండి. వెళ్తుందని తెలిస్తే రెండోసారి ఎవరూ ఆ గది తలుపు తట్టరు.

100 మందిలోపు ఉన్న స్కూళ్లు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మన ఊళ్ల చిన్న బడులకు ఇదే వర్తిస్తుంది. చీమకుర్తి చుట్టుపక్కల అయితే ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి దిక్కు. కాగితం మీద బాగానే ఉంటుంది కానీ, ఒంగోలు వెళ్లి రావాలంటే అమ్మకో నాన్నకో ఒక రోజు కూలి పోతుంది. పిల్లాడిని ఎవరు తీసుకెళ్తారు, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు అన్నది స్కూల్ చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

స్టాఫ్ మొత్తానికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. చేసిన పనులపై ఏటా రిపోర్ట్ తయారుచేయాలి. అందుకే "కౌన్సెలింగ్ ఉందండీ" అంటే ఊరుకోకుండా, ఆఖరి ట్రైనింగ్ ఎప్పుడు జరిగిందో తేదీ అడగండి. తడబడితే విషయం అర్థమైపోతుంది. ఫిర్యాదులు తీసుకోవడానికి, తనిఖీలు చేయడానికి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలని కూడా కోర్టు చెప్పింది.

బయటపడితే పోలీస్ కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ భయం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. శిక్ష వేయడం కాదు, వైద్యం అందించడం ప్రభుత్వం బాధ్యత.

హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. టెలీ మానస్ నంబర్ 14416. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. విద్యార్థే చేయాలని లేదు. హాస్టల్ నుంచి పదేపదే "ఇంటికొచ్చేస్తా" అంటున్న పిల్లాడికి ఏం చెప్పాలో తెలియని అమ్మానాన్నలూ చేయొచ్చు.