డ్రాగన్‌ తోటకి రాత్రి దీపం

డ్రాగన్‌ ఫ్రూట్‌ వేసిన రైతు సోదరులకి ఇది అనుభవమే. జూన్‌ నుంచి కాపు మీద కాపు దిగుతుంది. అందరి తోటా ఒక్కసారే పండితే ధర పడిపోతుంది. కార్తీకం దాటాక నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయనుకుంటే తోటలో పువ్వే ఉండదు. అందుకే కొందరు రాత్రిపూట తోటలో బల్బులు వెలిగించి కాపు తీస్తున్నారు. వియత్నాంలోని బిన్‌ తువాన్‌ ప్రాంతంలో ఇది పాత పద్ధతే.

దీపం ఏం చేస్తుంది? వెచ్చదనం ఇవ్వదు. ఎండలా మొక్కకి తిండి పెట్టదు. రాత్రిని మధ్యలో విరగ్గొడుతుంది, అంతే. డ్రాగన్‌ మొగ్గ తొడగాలంటే రాత్రి పొట్టిగా ఉండాలి. మన నర్సీపట్నంలో జూన్‌ ఆఖరున పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్లో 11 గంటలే. అర్ధరాత్రి ఓ నాలుగు గంటలు వెలుగు పడితే పొడుగు రాత్రి రెండు ముక్కలవుతుంది, మొక్క వేసవి అనుకుంటుంది. చామంతి దీనికి తలకిందులు, దీపం పెడితే పూత వెనకపడుతుంది. మామిడికి పూత తెప్పించేది చలి. అక్కడ బల్బు కట్టడం దండగ.

ఇక లెక్క చూడండి. ఎకరానికి 500 స్తంభాలు, స్తంభానికో 9 వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బు అనుకుందాం. రాత్రికి 4 గంటలైతే 18 యూనిట్లు, 20 రాత్రులకి 360. పాత 60 వాట్ల బల్బులైతే అదే 2,400 యూనిట్లు! వైరు, హోల్డర్లు, టైమరు ఖర్చు వేరు. పంపుసెట్టుకిచ్చే ఉచిత కరెంటు బల్బులకీ పనికొస్తుందనుకోవద్దు. వైరు కొనక ముందే ఈపీడీసీఎల్‌ ఆఫీసులో కనెక్షన్‌ సంగతి అడగండి. తుపాన్ల రోజుల్లో తడి నేల మీద, ఇనప చువ్వలున్న స్తంభాల మధ్య అతుకుల వైరు లాగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

లంబసింగి లాంటి చలి చోట్ల దీపాన్ని నమ్ముకోవద్దు. చలి ముదిరితే వెలుగున్నా మొగ్గ కదలదు. కింద మండలాల్లో కూడా డిసెంబర్‌, జనవరి నెలలు వదిలేసి, అక్టోబర్‌ ఆఖర్లో వెలిగించి కాపు పొడిగించుకోవడమో, ఫిబ్రవరిలో వెలిగించి ముందు కాపు తీసుకోవడమో మేలు. పువ్వు విచ్చాక కాయ కోతకి వేసవిలో నెల రోజులైతే, చలిలో ఇంకా ఎక్కువ పడుతుంది. వానాకాలమంతా కాసి అలిసిన మొక్కకి పశువుల ఎరువు వెయ్యకుండా దీపం పెడితే వచ్చే కాయ చిన్నదే.

మొదటి ఏడాది ఎకరమంతా కట్టెయ్యొద్దు. తోటకి ఒక చివర నాలుగు వరసలకి కట్టండి. వెలుగు చేరని రెండో చివర నాలుగు వరసలు చీకట్లోనే ఉంచండి. నెల తర్వాత రెండు చోట్లా మొగ్గలు లెక్కపెట్టి, కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని చూడండి.