జానమాజ్ పరిచినంత చోటు

నివాస స్థలాన్ని అరబ్బీ భాషలో ‘మస్కన్’ అంటారు. మనం నిత్యం వాడుకొనే ‘సుకూన్’ అనే మాటకూ, ‘సకీనత్’ అనే మాటకూ, దీనికీ ధాతువు ఒక్కటే. కదలిక ఆగి నిలకడ పొందడం దాని మూలార్థం. దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా (16:80) అల్లాహ్ అనుగ్రహాలను ఒక్కొక్కటిగా గుర్తు చేస్తూ, మన ఇళ్లు మనకు విశ్రాంతి స్థానాలు కావడాన్ని కూడా వాటిలో చేర్చింది. గోడలు, పైకప్పు ఉన్నంత మాత్రాన అది ఇల్లు కాదు. అందులో అడుగుపెట్టిన వారి మనసు కుదుటపడినప్పుడే దానికి ఆ పేరు తగినదవుతుంది.

ఈ కొలతతో నేటి మన ఇళ్లను చూసుకొందాం. ముందు గదిలో టీవీ మోగుతూ ఉంటుంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క సెల్‌ఫోన్ ఒక్కొక్క గొంతుతో పలుకుతూ ఉంటుంది. పిల్లల చదువు, పెద్దల మాటలు, వంటింటి చప్పుడు అన్నీ ఆ రెండు గదుల్లోనే కలిసిపోతాయి. కలిగినవారు మనశ్శాంతి కోసం ఇంటిలో ప్రత్యేకంగా ఒక గదిని అలంకరించుకొంటున్నారు. మెత్తని ఆసనాలు, మసక వెలుగు దీపాలు, పరిమళాలు అమర్చుకొంటున్నారు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన మా రావికమతం వంటి పల్లెల్లో, రెండు గదుల ఇంటిలో ఆరుగురు సర్దుకొని బ్రతికే కుటుంబాలు అది తమకు సంబంధించిన విషయం కాదనుకొంటాయి. అలా అనుకోనవసరం లేదు. మన ధర్మం పద్నాలుగు శతాబ్దాల క్రితమే ప్రతి ఇంటికీ అందుబాటులో ఉండే ఒక మార్గాన్ని చూపింది. దాని పేరు ‘మస్జిదుల్ బైత్’, అంటే ఇంటిలో నమాజు కోసం నిర్ణయించుకొన్న చోటు.

ఇత్బాన్ (రజి) ఇంటి మూల

హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) మదీనాకు చెందిన అన్సారీ సహాబీ, బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారు. తన తెగవారికి ఆయనే నమాజు చేయించేవారు. కాలక్రమంలో ఆయన చూపు మందగించింది. వర్షాలు పడితే ఆయన ఇంటికీ మస్జిదుకూ నడుమనున్న వాగు పొంగి దారి మూసుకుపోయేది. ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి తన ఇబ్బందిని విన్నవించుకొన్నారు. దయచేసి మా ఇంటికి వచ్చి ఒకచోట నమాజు చేయండి, ఆ చోటునే నా నమాజు స్థలంగా చేసుకొంటానని వేడుకొన్నారు. మరునాడు ప్రొద్దెక్కిన తరువాత ప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి)ను వెంటబెట్టుకొని వచ్చారు. లోపలికి వచ్చి కూర్చోకుండానే, ఎక్కడ నమాజు చేయమంటావని ఇంటి యజమానిని అడిగారు. ఆయన ఒక మూలను చూపించారు. అక్కడే వరుస తీరి రెండు రకాతుల నమాజు చేశారు. ఈ వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆ చోటును ఎంపిక చేసినది ఇంటివారే. ప్రవక్త (స) తమంత తాముగా నిర్ణయించలేదు. రెండవది, దానికోసం కొత్తగా గోడ కట్టలేదు, గది వేయలేదు. ఉన్న ఇంటిలోని ఒక మూలకే ఆ గౌరవం దక్కింది. వానాకాలంలో కొండవాగులు పొంగితే అడుగు బయట పెట్టలేని మా ప్రాంతపు వృద్ధులకు ఇత్బాన్ (రజి) పడిన ఇబ్బంది ఎవరూ వివరించనవసరం లేదు.

ఇరుకు అడ్డంకి కాదు

మా ఇంటిలో అంత చోటెక్కడిది అని అడిగేవారు ప్రవక్త (స) గృహాన్ని ఒకసారి తలచుకోవాలి. హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా తెలిపిన విషయమిది: రాత్రివేళ ప్రవక్త (స) నమాజు చేస్తుండగా ఆమె ఖిబ్లా వైపు కాళ్లు చాపి పడుకొని ఉండేవారు. ఆయన సజ్దాకు వంగినప్పుడు మెల్లగా తాకితే కాళ్లు ముడుచుకొనేవారు. ఆయన లేచి నిలబడగానే మళ్లీ చాపుకొనేవారు. ఆ రోజుల్లో ఇళ్లలో దీపాలు ఉండేవి కావని కూడా ఆమె చెప్పారు (బుఖారీ). సజ్దా చేయడానికే చాలీచాలని గది అది. లోకానికి శాంతి సందేశం పంచిన మహనీయుని రాత్రి ఆరాధనకు ఆ చోటే సరిపోయింది.

అలంకరణ విషయంలోనూ ఆ ఇంటి నుండే పాఠం నేర్చుకోవచ్చు. ఆయిషా (రజి) ఇంటి ఒక ప్రక్కన బొమ్మలున్న తెర కట్టి ఉండేది. ఆ బొమ్మలు నమాజులో కళ్లముందు మెదులుతున్నాయని ప్రవక్త (స) దానిని తీయించారు (బుఖారీ). ఆ చోటుకు మనం ఏమి తెచ్చిపెట్టాలా అని ఆలోచిస్తాం. అక్కడినుండి ఏమి తీసివేయాలో ఆలోచించడం ఈ సున్నతు నేర్పే పద్ధతి. శుభ్రత, సువాసన మాత్రం ఉండాలి. నమాజు స్థలాలను శుభ్రంగా, పరిమళభరితంగా ఉంచాలన్న ఆదేశం అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది.

ఈ చోటు ఎవరికి ఎక్కువ అవసరం?

పురుషునికి మస్జిదు ఉంది. బయటికి వెళ్తే చెట్టునీడ ఉంది, స్నేహితుని అరుగు ఉంది. ఇంటిలోని స్త్రీకి ఏముంది? నమాజు వేళ కాగానే ఎవరూ లేని గది ఏదో వెదుక్కొంటుంది. ఈ పూట వంటింటి గడప దగ్గర, మరుపూట బీరువా ప్రక్కన జానమాజ్ పరుచుకొంటుంది. చేతులు కట్టుకొని నిలబడిందో లేదో, ‘అమ్మీ, ఉప్పెక్కడుంది?’ అని ఒక కేక. పగలంతా అందరి పిలుపులకూ పలికిన ఆ తల్లికి, రోజుకు అయిదు పూటలైనా ఎవరూ పిలవకూడని చోటొకటి ఇంటిలో ఉండాలి. అది ఆమెకు మనం చేసే ఉపకారం కాదు, ఆమె హక్కు. హజ్రత్ ఉమ్మె హుమైద్ (రజి) తన ఇంటి లోపలి భాగంలో తనకోసం నమాజు స్థలం ఏర్పాటు చేయించుకొని, జీవితాంతం అక్కడే నమాజు చేశారని ముస్నద్ అహ్మద్‌లోని ఉల్లేఖనం తెలుపుతోంది.

ధర్మశాస్త్రం కూడా ఈ చోటుకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. హనఫీ పండితుల ప్రకారం రమజాను చివరి పది రోజుల ఎతెకాఫ్‌ను స్త్రీ తన ఇంటిలోని నమాజు స్థలంలో పాటిస్తుంది. ముందుగా అటువంటి చోటు లేకపోతే ఒకదానిని నిర్ణయించుకోవాలి. తక్కిన ముగ్గురు ఇమాముల అనుయాయులు ఎతెకాఫ్ మస్జిదులోనే జరగాలంటారు. ఇంటిలోని ఈ చోటు వక్ఫ్ కాదు, మస్జిదుకు వర్తించే ఆంక్షలూ దీనికి వర్తించవు. అందువల్ల నమాజు లేని రోజుల్లోనూ స్త్రీ అక్కడ కూర్చోవచ్చు. ఆ రోజుల్లో నమాజు వేళకు వుజూ చేసుకొని తన స్థలంలో కాసేపు తస్బీహ్ చదువుకోవడం మంచిదని హనఫీ పండితులు చెప్పారు. అలవాటు తెగిపోకూడదన్నదే దాని ఉద్దేశం.

ఏర్పాటు ఎలా?

ముందుగా దిక్కు చూసుకోవాలి. మన దగ్గర ఖిబ్లా అంటే పడమర అనుకోవడం పరిపాటి. రావికమతం ప్రాంతం నుండి లెక్కిస్తే అది సరిగ్గా పడమరకు సుమారు 12 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. స్వల్పమైన తేడా వల్ల నమాజు చెల్లకుండా పోదు. అయినా స్థిరమైన చోటు ఏర్పరచుకొంటున్నప్పుడు సరిచూసుకోవడం మేలు. అందుకు యంత్రాలు అక్కరలేదు. ప్రతి ఏటా మే 27 లేదా 28న మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 15 లేదా 16న 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు కాబా గృహానికి నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణంలో ఎండలో ఒక తాడుకు బరువు కట్టి వేలాడదీయండి. నేలపై పడే నీడ గీతే ఖిబ్లా గీత. నీడ సాగిన వైపునకు వీపు పెట్టి, సూర్యుడున్న వైపు నిలబడితే ముఖం కాబా వైపు ఉన్నట్లే. జూలైలో మబ్బులు అడ్డుపడవచ్చు గనుక మే నెలలోనే చూసుకోవడం మంచిది.

తరువాత చోటును ఎంచుకోవాలి. నడకదారిలో ఉండకూడదు. వంటింటి పొగ చేరకూడదు. వానాకాలంలో చెమ్మ ఊరని నేల కావాలి. కిటికీ గాలి తగిలితే మరీ మంచిది. ఇరుకింటిలో ముందునుండి నడవక తప్పదనుకొంటే, మూరెడు ఎత్తున్న వస్తువును దేనినైనా సుత్రాగా ముందుంచుకోవాలి. అప్పుడు దాని అవతలినుండి నడిచేవారికి దోషం ఉండదు. ఒక చాప, ఒక జానమాజ్, ఖుర్ఆన్ ఉంచడానికి ఎత్తయిన ఒక అర ఉంటే చాలు.

అసలు ఏర్పాటు వస్తువులతో జరిగేది కాదు, ఇంటిల్లిపాదీ చేసుకొనే ఒప్పందంతో జరుగుతుంది. అక్కడ కూర్చున్నవారిని ఎవరూ పిలవకూడదు. అక్కడికి సెల్‌ఫోన్ తీసుకువెళ్లకూడదు. అక్కడ తగాదా మాట రాకూడదు. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉన్నవారు కూర్చోవాలని ప్రవక్త (స) బోధించారు (అబూదావూద్). ఆ కూర్చోవడానికి ఒక చోటు ముందే ఉంటే కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి. మదరసాలో పాఠం చెప్పే మాకు, ఇంటిలో ఒక మూల కుదురుగా కూర్చొని చదివిన బాలుడెవరో, గోలలో చదివిన బాలుడెవరో మరునాడు సబఖ్ వింటుండగానే తెలిసిపోతుంది.

పిల్లలను మాత్రం అక్కడినుండి తరమకూడదు. ప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకొని నమాజు చేశారు. పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి పడే బాధను తలచుకొని నమాజును కుదించారు. పసివాడు వచ్చి ప్రక్కన సజ్దా చేసినట్లు నటిస్తే అది శాంతికి భంగం కాదు, రేపటి నమాజుకు పునాది.

ఒక హెచ్చరిక

ఈ మూల బాధ్యతల నుండి దాక్కొనే చోటు కారాదు. భార్య నీళ్లు మోస్తుంటే తస్బీహ్ త్రిప్పుతూ కూర్చునే భర్త ఆ చోటుకు న్యాయం చేయడం లేదు. ఇంటిలో ఉన్నంతసేపు ప్రవక్త (స) ఇంటివారి పనులు చేసిపెట్టేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). అలాగే, ఒకరి మీద ఒకరు జులుం సాగించే ఇంటిలో ఎంత చక్కని మూల ఉన్నా సుకూన్ దిగిరాదు. ముందు ఆ జులుం తొలగాలి. ఫర్జ్ నమాజుకు మస్జిదుకు వెళ్లగలిగిన పురుషునికి ఈ చోటు ప్రత్యామ్నాయం కూడా కాదు. సున్నతులు, నఫిళ్లు, తిలావత్, దుఆ దీని వాటా. ఫర్జ్ మినహా మిగిలిన నమాజు ఇంటిలోనే ఉత్తమమనీ, ఇళ్లను సమాధుల వలె నమాజు లేకుండా ఉంచవద్దనీ హదీసులు బోధిస్తున్నాయి.

సోదర సోదరీమణులారా! ఈ శుక్రవారం ఇంటిల్లిపాదీ ఒకచోట చేరండి. ఇత్బాన్ (రజి) ఇంటిలో జరిగినట్లే, చోటు ఏదో ఇంటివారినే చూపించమనండి. ముందుగా ఆ ఇంటి తల్లిని అడగండి. ఆమె చూపిన మూలను ఊడ్చి, కడిగి, జానమాజ్ పరచి, అందరూ చెరి రెండు రకాతులు నఫిల్ నమాజు చేయండి. హృదయాలకు నెమ్మది అల్లాహ్ స్మరణలోనే లభిస్తుందని ఖుర్ఆన్ (13:28) తెలిపిన సత్యాన్ని ఆ మూలలో కూర్చొని అనుభవించండి. అల్లాహ్ మన ఇళ్లన్నింటినీ సుకూన్ నిలయాలుగా చేయుగాక! ఆమీన్.