మా షెడ్డులో పండగల పట్టిక

మా నాన్నగారు కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో పని చేసేవారు. మొదటి షిఫ్టు. తెల్లవారకముందే మిల్లు సంగు ఊదేది. ఆ కూత వినబడేసరికి ఆయన సైకిలు మీద ఉండాలి. ఉగాదికి ఆ మిల్లులో సెలవు ఉండేది కాదు. అడిగితే, “మీ ఒక్కళ్ల పండగకి మగ్గాలు ఆపుతామా?” అన్నారట. అందుకని మా అమ్మ ఆ రోజు నాలుగు గంటలకే లేచి, ముందురోజు సాయంత్రం కోసి పెట్టుకున్న వేపపువ్వుతో పచ్చడి కలిపేది. నాన్నగారు చీకట్లోనే తలంటు పోసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, దొన్నెలో పచ్చడి నిలబడే నోట్లో వేసుకుని వెళ్లిపోయేవారు. మేం పిల్లలం లేచేసరికి ఆయన ఉండేవారు కాదు. మాకు ఉగాది అంటే నాన్న లేని పండగ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘ సభ్యుల్లో చాలామంది నాలాగే చిన్న కార్ఖానాలో, హోటలో, బట్టల కొట్టో నడుపుతున్నవారు. ఒకప్పుడు సెలవు కోసం ఇంకొకరిని అడిగిన ఇళ్లలోంచి వచ్చి, ఇవాళ సెలవు ఇచ్చే కుర్చీలో కూచున్నాం. ఆ కుర్చీలో కూచున్నాక మనకి మతిమరుపు వస్తుంది. నాకు వచ్చింది.

నేను 1994లో గణపతి ప్రాంతంలో ఒక చిన్న షెడ్డు అద్దెకి తీసుకుని రెండు లేతులతో జాబ్ వర్క్ మొదలుపెట్టాను. ఫౌండ్రీల నుంచి వచ్చే పంపుసెట్ల బాడీలు, ఇంపెల్లర్లు మా దగ్గర తిరగేసి నున్న చేసి పంపుతాం. ఇప్పుడు 22 మంది ఉన్నారు. మొదట్లో అంతా చుట్టుపక్కల తమిళులే. తర్వాత తర్వాత తిరునల్వేలి, రామనాథపురం వైపు వాళ్లు, ఆ తర్వాత ఒరిస్సా, బీహారు కుర్రాళ్లు వచ్చారు. ప్యాకింగులో అయిదుగురు ఆడవాళ్లు. మొదటి నుంచీ ఉన్న ఫోర్‌మన్ ముస్లిం.

మా ఊళ్లో ఆయుధపూజ అంటే కార్ఖానాలకి అసలు పండగ. ముందురోజు మిషన్లన్నీ కిరసనాయిలుతో తుడిచి, విభూతి, చందనం, కుంకుమ పెట్టి, అరటి పిలకలు కట్టి, పొరి, శనగలు పంచుతాం. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొడతాం. (కొట్టిన ముక్కలు వెంటనే ఊడ్పించండి. స్కూటర్లు జారిపడే రోజు అదే.) ఏటా ఆ రోజు నేను అందరికీ స్వీట్లు, కొత్త బట్టలు ఇస్తాను. ఉగాదికి మా ఇంట్లో చేసిన పచ్చడి స్టీలు క్యారేజీలో తెచ్చి అందరికీ పంచుతాను. పండగల విషయంలో నా అంత మంచి యజమాని లేడని నా నమ్మకం.

కొత్త బియ్యం

2018లో ఆ నమ్మకం కాస్తా పోయింది. ఆ ఏడు ఆగస్టులో ఒరిస్సా బొలాంగీర్ జిల్లా నుంచి వచ్చిన టర్నర్ కుర్రాడు పది రోజుల సెలవు అడిగాడు. పండగట. ఏం పండగ అంటే “నువాఖాయి” అన్నాడు. నేను ఆ పేరు ఎన్నడూ వినలేదు. సెప్టెంబరు మూడో వారానికి పెద్ద ఆర్డరు పంపాలి. “అదేం పండగయ్యా, క్యాలెండర్లో కూడా లేదు. దీపావళికి వెళుదువుగానిలే” అన్నాను. అతను మారు మాట్లాడలేదు. తల వంచుకుని లేతు దగ్గరికి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 13న వినాయక చవితి. ఇంట్లో పూజ చేసుకుని, ఉండ్రాళ్లు తిని, మర్నాడు షెడ్డుకి వెళ్లాను. మధ్యాహ్నం ఆ కుర్రాడు అన్నం గిన్నె విప్పకుండా గోడ పక్కన కూచుని ఉన్నాడు. ఒంట్లో బాగాలేదా అని ఫోర్‌మన్‌ని అడిగితే ఆయన చెప్పాడు. పశ్చిమ ఒరిస్సా వాళ్లకి చవితి మర్నాడే నువాఖాయి. కొత్త పంట బియ్యం దేవతకి నైవేద్యం పెట్టి, ఇంటిల్లిపాదీ ఒకచోట కూచుని తింటారు. తర్వాత చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టి దీవెనలు తీసుకుంటారు. దాన్ని “జుహార్” అంటారు. ఎంత దూరాన ఉన్నా ఆ రోజుకి ఇల్లు చేరాలని చూస్తారు. “పొద్దున ఫోన్లో వాళ్లమ్మకి జుహార్ చెప్పుకున్నాడు. ఆవిడ వీడి వంతు కొత్త బియ్యం విడిగా తీసి పెట్టిందట” అన్నాడు ఫోర్‌మన్.

రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఇంట్లో చెప్పాను. అమ్మ అప్పటికి ఎనభై దాటింది. కంచంలోంచి తల ఎత్తకుండానే, “మీ నాన్న నిలబడి పచ్చడి మింగి పరుగెత్తేవారు, మరిచిపోయావురా?” అంది. ఇంకేమీ అనలేదు.

దీపావళికి ఆ కుర్రాడు బోనసు తీసుకుని ఊరు వెళ్లాడు. తిరిగి రాలేదు. వాళ్ల ఊరివాళ్లే ఇంకో ఇద్దరూ రాలేదు. మూడు లేతులు రెండు నెలలు సగం ఖాళీగా ఉన్నాయి. పది రోజుల సెలవు ఇవ్వనందుకు నాకు పడిన ఖర్చు అది. డబ్బు సంగతి అలా ఉంచండి. క్యాలెండర్లో లేదు అన్న నా మాట నాకే గుచ్చుకుంది. ఉగాది ఆ మిల్లు క్యాలెండర్లో ఉందా?

డిసెంబరు సమావేశం

ఆ డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం మిషన్లు ఆపి, టీ, బజ్జీలు తెప్పించి అందర్నీ కూచోబెట్టాను. గోడకి పెద్ద కాగితం అంటించి, “మీ మీ ఇళ్లలో తప్పనిసరిగా ఉండాల్సిన రోజులేవో చెప్పండి” అన్నాను. రాస్తూ పోతే ఇరవై ఏడు తేలాయి. వాటిలో కులదైవం జాతరలూ, తండ్రి తద్దినమూ కూడా ఉన్నాయి.

మొదట చట్టం ఏమంటుందో చెప్పాను. తమిళనాడులో 1958 నాటి సెలవుల చట్టం ప్రకారం జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తప్పనిసరి. వీటికి తోడు అయిదు పండగ సెలవులు, జీతంతో. అవి ఏవన్నది యజమానితో, పనివారితో సంప్రదించి ఇన్‌స్పెక్టరు నిర్ణయిస్తారు. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు జీతం ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతంతో పాటు ఇంకో రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. (కర్ణాటకలో ఉన్న మనవాళ్లకి 1963 చట్టం వేరే ఉంది, అక్కడ నవంబరు 1 కూడా తప్పనిసరి. ఎవరి రాష్ట్రం నియమాలు వారు చూసుకోవాలి.)

పొంగల్, మాట్టుపొంగల్, ఆయుధపూజ, దీపావళి. ఈ నాలుగూ గొడవ లేకుండా కుదిరాయి. అయిదోదాని దగ్గర పేచీ వచ్చింది. కొందరు ఏప్రిల్ 14 తమిళ సంవత్సరాది అన్నారు, కొందరు క్రిస్మస్, కొందరు రంజాన్. నాకు మనసులో ఉగాది. తమిళనాడు ప్రభుత్వ సెలవుల జాబితాలో ఉగాది ఉందిగదా అన్న ధైర్యం కూడా ఉంది. కాని షెడ్డులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నా ఒక్కడి కోసం 22 మంది చేత సెలవు తీసుకోమనడం, నాన్నగారి మిల్లు చేసినదానికి తిరగేసిన పనే. చివరికి ఎక్కువమంది మాట మీద ఏప్రిల్ 14 ఖాయమైంది.

అప్పుడొక మాట తోచింది. చట్టం చెప్పిన తొమ్మిదికి తోడు ప్రతివారికీ జీతంతో రెండు రోజుల “సొంత పండగ” సెలవు. ఏ రోజులన్నది ఎవరికి వారు డిసెంబరులోనే రాసి ఇవ్వాలి. రాసి ఇచ్చాక నేను కాదనకూడదు. ఏ పండగ అని ప్రశ్నించకూడదు. రంజాన్ మాత్రం నెలవంకని బట్టి మారుతుంది కనుక, దానికి రెండు తేదీలూ ఖాళీగా ఉంచుతాం.

వెంటనే ఒక తమిళ కుర్రాడు లేచాడు. “ఒరిస్సా వాళ్లు పది రోజులు పోతారు, మాకు రెండే రోజులా సార్?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పండగ సెలవు అందరికీ సమానమనీ, ప్రయాణానికి పట్టే రోజులు వారి వారి సంపాదిత సెలవు (20 రోజుల పనికి 1 రోజు) ఖాతాలోంచి పోతాయనీ లెక్క రాసి చూపించాక శాంతించాడు. లెక్క నోటితో చెబితే చాలదు. కాగితం మీద అందరికీ కనబడాలి.

పట్టిక నేర్పిన సంగతులు

ఆ కాగితం ముందు కూచుంటే నాకు తెలియని సంగతులు చాలా బయటపడ్డాయి. బీహారు వాళ్లకి దీపావళి కన్నా దాని తర్వాత ఆరో రోజు వచ్చే ఛఠ్ ముఖ్యం. వాళ్లు దీపావళి దాకా పని చూసుకుని మర్నాడు రైలెక్కుతారు. దక్షిణ జిల్లాల వాళ్లు రెండు రోజులు ముందే బస్సెక్కి, ఆ వెంటనే తిరిగి వస్తారు. అందరూ ఒక్కసారే పోతారని ఇన్నాళ్లూ భయపడ్డాను. వంతులు వాళ్ల పండగల్లోనే ఉన్నాయి.

రెండో సంగతి మా ఆవిడ చెప్పింది. “ఏమండీ, పండగ నాడు సెలవు మగవాళ్లకి. ఆడవాళ్లకి కావలసింది ముందురోజు మధ్యాహ్నం” అంది. నిజమే. మా కొంగు నాట్లో భోగి నాడు కాప్పు కట్టాలి, ఇల్లు కడగాలి, ముగ్గులు వెయ్యాలి. ఆ రోజు సాయంత్రం ఆరు దాకా ప్యాకింగు చేయించుకుని “రేపు సెలవు” అంటే వాళ్లకేం ఒరిగింది? ఇప్పుడు పెద్ద పండగల ముందురోజు ప్యాకింగు ఒంటిగంటకి కట్టేస్తాం. దానికి తగ్గట్టు ఆ వారంలో ముందే రోజుకి కొంతసేపు సర్దుకుంటారు. ఆ ఏర్పాటు వాళ్లే చేసుకున్నారు.

మూడోది బోనసు. చట్టం ప్రకారం కనీసం 8.33 శాతం, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు. మేం పూర్వం దీపావళి ముందురోజు సాయంత్రం ఇచ్చేవాళ్లం. ఆ రాత్రి పిల్లల్ని వెంటబెట్టుకుని ఒప్పణక్కార వీధి జనంలో తోసుకుంటూ, మిగిలినవేవో మిగిలిన ధరకి కొనుక్కునేవారు. ఇప్పుడు పదిహేను రోజుల ముందు ఇస్తున్నాం. అదే డబ్బుకి మంచి బట్టలు వస్తున్నాయి. రైలు టిక్కెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు కనుక, ఆ తేదీని కూడా పట్టికలో ఎర్ర సిరాతో రాస్తాం. ఆ రోజు పొద్దున టిక్కెట్టు కోసం అరగంట ఆలస్యమైతే అడగం.

నాలుగోది, ఆర్డర్లు ఇచ్చే కంపెనీలకి డిసెంబరులోనే మా పట్టిక నకలు పంపుతాం. మొదట్లో ఒకరు విసుక్కున్నారు. పండగ ముందురోజు ఫోను చేసి అరవడం కన్నా ఇదే నయమని తర్వాత వాళ్లూ ఒప్పుకున్నారు.

అంతా సవ్యంగా జరుగుతోందని చెప్పను. ఒక ఏడు ఒకే మిషన్ మీది ఇద్దరూ ఒకే వారం రాశారు. చీటీలు వేసి, ఓడినవాడికి మరుసటి ఏడు ముందు హక్కు ఇచ్చాం. వాడు నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పట్టిక వల్ల కష్టం పోదు, అన్యాయం తగ్గుతుంది, అంతే.

2020 మార్చి 25, ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. షెడ్డు వెనక గదిలో ఏడుగురు కుర్రాళ్లు చిక్కుకుపోయారు. ఇంటికి నాలుగు అడుగుల దూరమే కనుక పచ్చడీ, అన్నమూ పట్టుకెళ్లాను. ఆ తర్వాత కూడా రోజూ ఇంట్లోనే వండి పంపాం. మే నెలలో వాళ్లు శ్రామిక రైళ్లలో ఊళ్లకి వెళ్లారు. వస్తారో రారో అనుకున్నాను. ఆరుగురు తిరిగి వచ్చారు.

వాళ్లలో ఒకడు బొలాంగీర్ వైపువాడు. నువాఖాయికి వెళ్లి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ చేసిన తీపి పొట్లం తెస్తాడు. మొదటిసారి ఇంటికి తెస్తే మా ఆవిడ విప్పి చూసి, “ఇవి మన అరిసెలే గదండీ!” అంది. పేరేమిటని మర్నాడు అడిగితే “అరిసా” అన్నాడు. బియ్యప్పిండి, బెల్లం. రుచీ అదే, పేరూ అదే. ఏ ఊరి పండగో నాకు తెలియదని కాదన్నదాంట్లో మా అమ్మ వంట ఉంది.

ఆ మొదటి కుర్రాడి ఫోను నంబరు ఇప్పుడు పని చెయ్యడం లేదు. ఏటా చవితి మర్నాడు అతను కూచున్న గోడవైపు ఒకసారి చూస్తాను. నా సొంత పండగ సెలవుల్లో ఒకటి ఉగాదికి రాసుకుంటాను. ఆ రోజు పొద్దెక్కాక, పీట మీద కూచుని, పిల్లలతో కలిసి పచ్చడి తింటాను.