చేపల పులుసు ఏ ఊరిది? హైవే మెనూలో కనపడని మన మెట్ట రుచి

హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చేవాళ్ళు కోదాడ దాటాక గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర ఆంధ్రాలోకి వస్తారు. అక్కడి నుంచి జగ్గయ్యపేట, నందిగామ దాకా హైవే హోటళ్ళ మెనూలు చూడండి. చేపల పులుసు ముందు "నెల్లూరు" అనే మాట ఎక్కువగా కనపడుతుంది. కృష్ణ, మునేరు, పాలేరు పారే ఊళ్ళు మనవి. మరి మన పులుసుకి పేరెందుకు లేదు? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

చింతపండు, ఉల్లిపాయ, కారం, మెంతులు. ఇది బేస్ వెర్షన్ అనుకోండి, ఎక్కడైనా ఇంతే. ఊరు మారితే మారేవి మూడు: చేప, పులుపు, పొడి.

నెల్లూరులో చింతపండుతో పాటు పచ్చి మామిడికాయ ముక్కలు పడతాయి, అంటే రెండు రకాల పులుపు. గోదావరి వైపు పులస. సముద్రంలో ఉండే చేప వరద రోజుల్లో ఎదురీదుకుంటూ నదిలోకి వస్తుంది. దాన్ని మట్టి దాకలో, సన్నని సెగ మీద, బెండకాయలు వేసి వండుతారు. సీజన్‌లో ఒక్క చేపే వేలల్లో పలుకుతుంది. తెలంగాణలో కొర్రమీను రాష్ట్ర చేప. అక్కడ చాలా ఇళ్ళల్లో వేయించిన ధనియాలు, ఎండుకొబ్బరి, నువ్వుల పొడితో పులుసు చిక్కగా ఉంటుంది.

మన మెట్టకి సముద్రం దూరం, తెలంగాణ పక్కనే. మనకి దొరికేవి బొచ్చె, శీలావతి, కొర్రమీను లాంటి మంచినీటి చేపలు. చెరువు చేపకి ఒక్కోసారి మట్టి వాసన వస్తుంది కదా, దానికి ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీళ్ళల్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. పులుపు తగిలితే అది విరిగి వాసన తగ్గుతుంది. అందుకే మన పెద్దవాళ్ళు చేపని ఉప్పు, పసుపు, నిమ్మకాయతో కడిగి, చింతపండు గట్టిగా పోస్తారు. అది రుచి కోసమే కాదు, అవసరం కూడా.

ఇంకో సంగతి. రాత్రి వండిన పులుసు పొద్దునకి ఎందుకు బాగుంటుంది? పులుపు, ఉప్పు, కారం ముక్క లోపలికి దిగడానికి టైమ్ పడుతుంది. రెడీగా ఉన్న గ్రేవీలో ఆర్డర్ వచ్చాక ముక్క వేసి వేడి చేసి ఇస్తే అది పులుసు కాదండీ, పులుసులో తేలే చేప.

కాబట్టి ఈసారి హోటల్లో మూడే ప్రశ్నలు అడగండి: ఇవాళ ఏ చేప? ఎక్కడిది? ఎప్పుడు వండారు? లోపలి సందుల్లో పొద్దున్నే వండి మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ చేసే చిన్న మెస్‌లలో జవాబు వెంటనే వస్తుంది. మనం నెల్లూరు పేరే అడుగుతూ ఉంటే, రేపు వాళ్ళు కూడా బోర్డు మారుస్తారు, ఆ తర్వాత వంట మారుస్తారు. అడిగేవాళ్ళుంటేనే వండేవాళ్ళుంటారు.

సరే అండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.