పండ్ల ఈగలో కణ విభజన నియంత్రణ: కణితి నిరోధక జన్యువుల పాత్ర

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి – మీ ఊరు ఏదైనా, మగ్గిన అరటిపండును రెండు రోజులు బయట ఉంచి చూడండి. ఎర్రని కళ్లున్న చిన్న ఈగలు మూగుతాయి. ఇవి డ్రోసోఫిలా ఈగలు. మామిడి కాయలను పాడుచేసే పండు ఈగ బాక్ట్రోసెరా వేరే కీటకం. పరీక్షలో ఈ రెండింటినీ కలిపి రాయకండి.

డ్రోసోఫిలా డింభకంలో రెక్కగా మారబోయే కణాలు మొదట సుమారు 50 ఉంటాయి. దాదాపు నాలుగు రోజుల్లో అవి 50,000 వరకు పెరుగుతాయి. తర్వాత విభజన ఆగిపోతుంది. అలా ఆపే జన్యువులలో కణితి నిరోధక జన్యువులు ముఖ్యమైనవి.

ఎల్‌జీఎల్ అనే జన్యువు లోపించిన డింభకం మెదడులో కణితులు ఏర్పడతాయని గాటెఫ్, ష్నైడర్‌మన్ 1967లో తెలిపారు. అయితే అటువంటి డింభకం ప్రౌఢ దశకు చేరకుండానే చనిపోతుంది. ప్రౌఢ ఈగలో జన్యువు చేసే పనిని చూడటం ఎలా? శాస్త్రజ్ఞులు ఈగ శరీరంలో కొన్ని కణాలలో మాత్రమే జన్యువు రెండు ప్రతులూ లోపించేట్లు చేశారు. వీటిని మొజాయిక్ ఈగలు అంటారు. 1995లో వెల్లడైన వార్ట్స్ జన్యువు లోపించిన కణాలు పక్క కణాలను మించి పెరిగి, పులిపిరుల్లా పైకి ఉబ్బాయి. ఆ పేరు అలా వచ్చింది. ఇక్కడ చాలామంది విద్యార్థులు పొరబడతారు: వార్ట్స్ జన్యువు పులిపిరులను కలిగించదు, రాకుండా ఆపుతుంది. ఈగ జన్యువులకు తరచుగా అవి లోపించినప్పుడు కనిపించే లక్షణాన్ని బట్టి పేరు పెడతారు.

ఇప్పుడు ఇది పనిచేసే తీరు చూద్దాం. హిప్పో అనే ఎంజైము వార్ట్స్‌కు ఫాస్ఫేటును చేర్చి చురుకు చేస్తుంది. వార్ట్స్ అదే విధంగా యార్కీ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటును చేరుస్తుంది. ఫాస్ఫేటు చేరిన యార్కీ కణద్రవ్యంలోనే ఉండిపోతుంది. వార్ట్స్ లేకపోతే యార్కీ కేంద్రకంలోకి వెళ్లి, విభజనకు తోడ్పడే సైక్లిన్-ఇ, కణ మరణాన్ని అడ్డుకునే డయాప్1 జన్యువులను ప్రేరేపిస్తుంది. అంటే కణాలు ఎక్కువగా పుడతాయి, తక్కువగా చనిపోతాయి.

సాధారణంగా ఒక ప్రతి చెడినా రెండోది పని నడిపిస్తుంది. మానవులలో ఎన్‌ఎఫ్2 జన్యువు ఒక ప్రతి పుట్టుకతోనే లోపించినవారికి, ఏదో ఒక కణంలో రెండోది కూడా చెడితే శ్రవణ నాడిపై కణితి రావచ్చు. ఈగలో ఎన్‌ఎఫ్2కు సమానమైన మెర్లిన్, హిప్పో మార్గానికి పై మెట్టు. మానవ లాట్స్1 జన్యువును వార్ట్స్ లోపించిన ఈగలలో ప్రవేశపెడితే, ఆ లోపాన్ని అది సరిచేసింది!

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక కణంలో వార్ట్స్, యార్కీ రెండూ లోపిస్తే ఆ కణం అతిగా పెరుగుతుందా? కారణం రాయండి. (సూచన: కేంద్రకంలోకి వెళ్లేది ఏది?)