ముఖస్తుతి అక్షరంలో గొయ్యి ఎందుకుంది?

కోటబొమ్మాళిలో ఏ పెరట్లోనైనా మునగచెట్టు కనిపిస్తే ఒక చిన్న కొమ్మ వంచి చూడండి (ఇంటివాళ్ళను అడిగి మరీ!). పుటుక్కున విరుగుతుంది. అందుకే ఎవరినైనా లేనిపోని పొగడ్తలతో ఉబ్బేస్తే ‘మునగచెట్టు ఎక్కించాడు’ అంటాం. ఎక్కినవాడు పడక తప్పదు కదా!

చైనా లిపిలో ముఖస్తుతికి ఒక అక్షరం ఉంది. బీజింగు భాషలో దాన్ని ‘ఛాన్’ అంటారు. అందులో ఎడమ భాగం ‘మాట’కు గుర్తు. కుడి భాగం గోతిలో పడ్డ మనిషి బొమ్మ! ఇంకేం, మాటలతో గోతిలోకి తోయడమే ముఖస్తుతి అని కథ అల్లేయవచ్చు. మన మునగచెట్టుకు మంచి జోడీ.

కాని ఆ కథ నిలవదు. చైనా అక్షరాలలో చాలావాటికి ఒక ముక్క అర్థాన్ని సూచిస్తే, రెండోది పలుకును సూచిస్తుంది. అదే గోతిలో మనిషి పక్కన నిప్పు గుర్తు పెడితే ‘మంట’. తిండి గుర్తు పెడితే మన బూరెలో పూర్ణం వంటిది. పూర్ణానికీ గోతికీ ఏం సంబంధం? అర్థంలో ఏమీ లేదు, పలుకులోనే ఉంది: ఛాన్, యెన్, షియెన్. దక్షిణాదిన కాంటనీస్ మాట్లాడేవారు వీటినే చిమ్, యిమ్, హామ్ అంటారు. చివర ఉన్న ఆ ‘మ్’ పాత పలుకు. ఉత్తరాదిన అది ‘న్’గా మారిపోయింది.

దీనికి ఒక సాక్షి ఉన్నాడు. ఎవరనుకున్నారు? యమధర్మరాజు!

క్రీ.శ. 100లో షూ షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలకు నిఘంటువు కూర్చాడు. అందులో ముఖస్తుతి అక్షరం ఇంకా పొడుగ్గా ఉంది: ‘మాట’ పక్కన ‘వీధి వాకిలి’ అక్షరం. ఆ వాకిలి లోపలా మన గోతి మనిషే ఉన్నాడు. ఇప్పటి రూపం దానికి పొట్టి రూపమని షూ షెన్ రాశాడు. తర్వాత బౌద్ధంతోపాటు యమరాజు పేరు చైనా చేరింది. మన వంశధార ఒడ్డున శాలిహుండంలో స్తూపాలు మిగిల్చిన బౌద్ధమే అది. ‘యమ’ అని రాయడానికి చైనా వాళ్ళు ఆ వీధి వాకిలి అక్షరాన్నే ఎంచుకున్నారు. అప్పట్లో దాని పలుకు ‘యెమ్’కు దగ్గరగా ఉండేది మరి! ఇప్పుడు బీజింగులో అది ‘యెన్’ అయింది, యముడు ‘యెన్‌లువో’ అయ్యాడు.

అర్థం మాత్రం పెద్దగా మారలేదు. కన్ఫ్యూషియస్ బోధల గ్రంథంలో, తనవి కాని పితృదేవతలకు పూజ చేయడాన్ని కూడా ఈ మాటతోనే తప్పుపట్టారు. అది దేవతలను కాకా పట్టడమన్నమాట!

1956 నుంచి చైనా తన లిపిని సులభం చేసినప్పుడు, ‘మాట’ గుర్తులోని 7 గీతలు రెండుకు తగ్గాయి. గోతిలో మనిషి మాత్రం అలాగే ఉన్నాడు.